గడ్డిభూముల్లో ఎండుగడ్డి కుళ్ళడం: నేలజీవుల వాటాను కొలవడం ఎలా?

గడ్డిభూమిలో ఎండి రాలిన గడ్డిని చివరికి కుళ్ళబెట్టేవి బ్యాక్టీరియా, శిలీంధ్రాలే. కానీ ఆ గడ్డి వాటికి ఎంత త్వరగా చిక్కుతుందన్నది చాలావరకు వెన్నెముక లేని చిన్న జీవుల చేతుల్లో ఉంటుంది. వానపాములు ఆకును మట్టిలోకి లాక్కుపోతాయి, రోకలిబండలు కొరికి తుంపులు చేస్తాయి, స్ప్రింగ్‌టెయిల్స్ (ఎగిరి దూకే అతి చిన్న నేలజీవులు), నేలనల్లులు (మట్టిలో ఉండే ఎనిమిది కాళ్ళ సూక్ష్మ జీవులు) శిలీంధ్రపు పోగులను మేస్తూ వాటి పెరుగుదలనే మార్చేస్తాయి. ఈ జీవుల వాటాను అంచనా వేయడానికి వలసంచుల పద్ధతి, అంటే వలగుడ్డ సంచుల్లో ఎండుగడ్డి నింపి నేల మీద కొంతకాలం ఉంచడం, సులువైనది. కళ్ళు పెద్దవిగా ఉన్న సంచిలోకి అన్ని జీవులూ వెళ్తాయి, సన్నకళ్ళ సంచిలోకి సూక్ష్మజీవులు మాత్రమే వెళ్తాయి. రెండింటిలో మిగిలిన గడ్డి బరువుల తేడాను చూస్తాం.

ముందుగా, ఆ ఏడాది ఎండి ఇంకా నిలబడే ఉన్న గడ్డిని కోయాలి; నేల మీద పడినదాంట్లో కుళ్ళడం అప్పటికే మొదలై ఉంటుంది కనుక అది పనికిరాదు. దాన్ని 8-10 సెంటీమీటర్ల ముక్కలుగా కత్తిరించి నీడలో ఆరబెట్టి, సంచికి 5 గ్రాముల చొప్పున తూచి నింపాలి. కొంత గడ్డిని విడిగా 60 డిగ్రీల సెల్సియస్ వద్ద బరువు నిలకడ అయ్యేదాకా ఆరబెడితే తేమ ఎంతో తెలుస్తుంది, దాన్నిబట్టి అసలు పొడిబరువును లెక్కగట్టవచ్చు.

సంచి కన్ను సుమారు 0.05 మిల్లీమీటర్లు ఉంటే నల్లులు కూడా దూరలేవు. 2 మిల్లీమీటర్లయితే నల్లులు, స్ప్రింగ్‌టెయిల్స్ వస్తాయి. వానపాములకు 5 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. అసలు చిక్కు ఇక్కడే ఉంది. సన్నకళ్ళ గుడ్డ తేమను పట్టి ఉంచుతుంది, ఎండను అడ్డుకుంటుంది, కాబట్టి బరువుల్లో కనిపించే తేడా అంతా జీవుల వల్లే వచ్చిందని చెప్పలేం. అన్ని సంచులనూ ఒకే సన్నగుడ్డతో కుట్టి, సగం సంచుల పక్కల్లో మాత్రం చిన్న కిటికీలు కోయడం నా దృష్టిలో మేలైన మార్గం. గడ్డిపోచలు సన్నగా ఉంటాయి గనుక మోసుకెళ్ళేటప్పుడే కొన్ని జారిపోతాయి. కొన్ని సంచులను పొలానికి తీసుకెళ్ళి, పరిచి, వెంటనే వెనక్కి తెచ్చి తూస్తే ఆ నష్టం ఎంతో తెలుస్తుంది.

రెండు రకాల సంచులనూ జతలుగా పక్కపక్కనే పెట్టాలి. పైనున్న చెత్తను తొలగించి, సంచి మట్టికి ఆనేలా ఇనుప మేకులతో బిగించాలి, కింద ఖాళీ ఉంటే గడ్డి ఎండిపోయి అలాగే ఉండిపోతుంది. 1, 3, 6, 12 నెలలకు కొన్నేసి సంచులు తీయాలి.

తెచ్చిన సంచిని ముందు దీపం కింద గరాటులో పెడితే, వేడికి, వెలుతురుకు జీవులు కిందికి దిగి సీసాలో పడతాయి. ఆ తరువాత పోచలను కుంచెతో శుభ్రం చేసి, ఆరబెట్టి తూచాలి. వానపాములు తిరిగిన సంచిలో పోచల మడతల్లో నల్లని గుళికల్లాంటి విసర్జనలు గట్టిగా అంటుకుని ఉంటాయి, ఆ మట్టి బరువు గడ్డి బరువులో కలిసిపోయి, ఎక్కువ కుళ్ళిన సంచే తక్కువ కుళ్ళినట్లు కనిపిస్తుంది. అందుకే కొంత నమూనాను 550 డిగ్రీల వద్ద కాల్చి, బూడిద బరువును తీసివేయడం తప్పనిసరి.

మొదటి బరువును మిగిలిన బరువుతో భాగించి, దాని సహజ సంవర్గమానాన్ని (ln) కాలంతో భాగిస్తే కుళ్ళే రేటు వస్తుంది. ఉదాహరణకు 5 గ్రాముల్లో ఏడాదికి మూసిన సంచిలో 3, కిటికీ సంచిలో 2 గ్రాములు మిగిలితే, రేట్లు 0.51, 0.92 అవుతాయి. పొడి ప్రాంతాల్లో మాత్రం సగటును ఒక్కదాన్నే నమ్మకూడదు. చెదలు ఒక సంచిని పూర్తిగా ఖాళీ చేసి, దాని పక్కదాన్ని ముట్టకుండా వదిలేయవచ్చు, కాబట్టి ప్రతి సంచి లెక్కనూ విడిగా చూపించాలి.