గృహ కూడికలో బ్రెంగిల్ గారి జీవితాన్ని చెప్పే విధానం

గుంటూరు బ్రాడీపేటలోని ఒక గృహ కూడికలో పరిశుద్ధతా ప్రసంగీకుడైన శామ్యూల్ లోగన్ బ్రెంగిల్ గారిని గురించి మొదటిసారి మాట్లాడినప్పుడు, నేను 1860లో ఆయన జననంతో మొదలుపెట్టి సంవత్సరాలను వరుసగా చదివాను. పది నిమిషాలకే పెద్దవారు కునికిపాట్లు పడ్డారు. అందుచేత తేదీలను వెనుకకు నెట్టి, గుమ్మం దగ్గర విడిచిన చెప్పులను చూపించి ప్రారంభించండి.

అమెరికాలో వేదాంతం చదివి, మంచి ప్రసంగీకుడిగా పేరు తెచ్చుకోవాలని ఆశించిన బ్రెంగిల్ గారు 1887లో ఇంగ్లాండు వెళ్ళి రక్షణ సైన్యం (సాల్వేషన్ ఆర్మీ) అనే క్రైస్తవ సంస్థలో చేరితే, అక్కడ ఆయనకు మొదట అప్పగించిన పని తోటి శిక్షణార్థుల బురద బూట్లు తుడిచి పాలిష్ చేయడం. ఇంత చదివింది ఇందుకేనా అని చీకటి నేలమాళిగలో మనసు కుంగినప్పుడు, శిష్యుల పాదాలు కడిగిన ప్రభువు ఆయనకు గుర్తుకొచ్చాడు. ఇక్కడ తొందరపడకండి; యోహాను 13వ అధ్యాయంలోని ఆ భాగాన్ని ఎవరిచేతనైనా నిదానంగా చదివించండి.

ఆ తరువాతే, అంతకు ముందు 1885 జనవరి 9న ఆయన పొందిన సంపూర్ణ పరిశుద్ధతానుభవాన్ని, అంటే దేవుడు హృదయాన్ని ఒక్కసారిగా పూర్తిగా శుద్ధి చేశాడన్న అనుభవాన్ని, వివరించండి. అమెరికా లూథరన్ మిషనరీ హెయర్ గారు 1842లో గుంటూరుకు వచ్చినప్పటి నుండి లూథరన్ బోధలో పెరిగిన కుటుంబాలు మన మధ్య చాలా ఉన్నాయి. పరిశుద్ధపరచబడడం జీవితాంతం సాగే పని అని నమ్మే వారితో వాదానికి దిగకుండా, దీనిని బ్రెంగిల్ గారి సాక్ష్యంగానే చెప్పండి. ఇక పాపమే చేయలేని స్థితి అని ఆయన బోధించలేదని కూడా స్పష్టం చేయండి. రక్షణ సైన్యం అంటే ఏమిటని పిల్లలు అడిగితే, బాపట్ల దగ్గరి స్టూవర్టుపురంలో ఒకప్పుడు ఎరుకల వారి సెటిల్మెంటును, అంటే వారి నివాస కాలనీని, నడిపిన సంస్థ అంటే చాలు.

చివరి ఘట్టానికి ఒక ఇటుకను వెంట తీసుకువెళ్ళండి. బోస్టన్‌లో తాగిన వాడొకడు విసిరిన ఇటుక తలకు తగలడంతో ఆయన సుమారు ఏడాదిన్నర కోలుకోవలసి వచ్చింది. ఆ విరామంలో రాసిన వ్యాసాలే పరిశుద్ధతపై ఆయన తొలి పుస్తకమయ్యాయి. ఆయన భార్య ఆ ఇటుకను దాచి, దానిపై యోసేపు తన అన్నలతో పలికిన, మీరు కీడు తలపెట్టినా దేవుడు దానిని మేలుకే ఉద్దేశించాడన్న మాటను రాసి ఉంచారు. మీ ఇటుకను చేతులు మారనిచ్చి, అది తిరిగి మీ దగ్గరికి వచ్చే సమయానికి ఆదికాండము 50:20 చదివించి, వెంటనే ఆ ఇంటి పెద్దవారిని ప్రార్థన చేయమని కోరండి.