కౌన్సెలింగ్ మొదలుపెడుతున్నారా? మొదటి ఫోన్ కాల్ నుంచి చివరి సెషన్ దాకా ఏం జరుగుతుందంటే

కౌన్సెలర్ దగ్గరికి వెళ్లాలని గట్టిగా అనుకున్నాక కూడా చాలామంది నెలల తరబడి ఆగిపోతారు. ఆ గదిలోకి వెళ్లాక ఏం జరుగుతుందో తెలియకపోవడమే వాళ్లను ఆపుతుంది. ఏడుపొచ్చేస్తే? ఏం మాట్లాడాలో తోచకపోతే? ‘ఇంత చిన్న విషయానికే వచ్చారా’ అంటే? చెప్పింది బయటికి పొక్కితే? ఈ భయాల్లో ఒక్కటీ కొట్టిపారేయాల్సింది కాదు. అందుకే ఒక్కో మెట్టూ వరసగా చెప్తాను.

అన్నిటికంటే ముందు ఒక్క మాట. మొదటి రెండు మూడు సెషన్లలో మీ జీవితమంతా విప్పి చెప్పేయాల్సిన పని లేదు. ఈ మనిషి ముందు నేను నిజం మాట్లాడగలనా అన్నది తేల్చుకుంటే చాలు. తర్వాత జరగాల్సిందంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది.

1. ఎవరి దగ్గరికి వెళ్లాలో చూసుకోండి

సైకియాట్రిస్ట్ అంటే వైద్యం చదివిన డాక్టరు, మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్ట్ పరీక్షలు చేసి సమస్య ఏమిటో అంచనా వేస్తారు, థెరపీ కూడా ఇస్తారు. కౌన్సెలర్ ముఖ్యంగా మాటల ద్వారానే సాయం చేస్తారు. కౌన్సెలర్లు మందులు రాయరు. బాధ, ఆందోళన, కాపురంలో గొడవలు, దగ్గరివాళ్లు పోయిన దుఃఖం, ఉద్యోగంలో నలిగిపోవడం లాంటివాటికి కౌన్సెలర్‌తో మొదలుపెట్టొచ్చు. రోజుల తరబడి నిద్రా తిండీ లేకపోయినా, ఎవరూ లేకుండానే మాటలు వినిపిస్తున్నా డాక్టరును కలవాల్సిందే. థైరాయిడ్ తేడా చేసినప్పుడు కూడా మనసు కుంగిపోతుంది, గాభరా పుడుతుంది. అందుకే ఒకసారి ఒంటి పరీక్షలు కూడా చేయించుకోవడం మంచిది.

చనిపోవాలన్న ఆలోచన బలంగా ఉంటే మాత్రం అపాయింట్‌మెంట్ తేదీ కోసం ఎదురుచూడకండి. దగ్గర్లో ఉన్న ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి, లేదా మీ ప్రాంతంలోని హెల్ప్‌లైన్‌కు ఇప్పుడే ఫోన్ చేయండి. నమ్మకమున్న ఒక మనిషికి విషయం చెప్పి, పక్కన ఉండమని అడగండి.

2. ఫోన్‌లో మొహమాటపడకుండా అడగండి

ఏం చదివారు, లైసెన్సో రిజిస్ట్రేషనో ఉందా, నాలాంటి సమస్యతో వచ్చినవాళ్లతో పనిచేశారా, ఫీజు ఎంత, రాలేకపోతే ఎంత ముందుగా చెప్పాలి, ఆన్‌లైన్‌లో చూస్తారా. ఇవన్నీ అడగడం మీ హక్కు. నా ఉద్దేశంలో వీటన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇంకోటుంది: ‘మనిద్దరికీ కుదరడం లేదని నాకనిపిస్తే ఏం చేస్తారు?’ ఈ మాటకు నొచ్చుకోకుండా, ‘నాకు చెప్పండి, మాట్లాడుకుందాం, అవసరమైతే ఇంకొకరి దగ్గరికి పంపిస్తాను’ అనేవారైతే ధైర్యంగా వెళ్లొచ్చు. ‘మూడు సెషన్లలో పూర్తిగా తగ్గించేస్తాను’ అని హామీ ఇచ్చేవారి విషయంలో మాత్రం ఆలోచించుకోండి. మనసు సంగతిలో అలాంటి హామీ ఎవరూ ఇవ్వలేరు.

3. వెళ్లే ముందు

ఎక్కువ తయారీ అక్కర్లేదు. వాడుతున్న మందుల పేర్లు రాసుకోండి. ‘ఇన్నాళ్లూ లేనిది ఇప్పుడే ఎందుకు వెళ్లాలనిపించింది?’ అన్నదానికి రెండు ముక్కలు రాసుకోండి. సెషన్ అవగానే మీటింగో, పెళ్లి భోజనమో పెట్టుకోకండి. కాస్త ఖాళీ ఉంచుకోండి. ఆన్‌లైన్ అయితే తలుపు వేసి ఉన్న గది, ఇయర్‌ఫోన్లు కావాలి. ఇంట్లో అలాంటి చోటు దొరకకపోతే ఆ సంగతి ముందే చెప్పండి. ఏదో ఒక దారి ఆలోచిస్తారు.

4. మొదటి సెషన్

సాధారణంగా 45 నుంచి 60 నిమిషాలు ఉంటుంది. చాలాచోట్ల 50 నిమిషాలు మీతో మాట్లాడి, మిగతా 10 నిమిషాల్లో నోట్స్ రాసుకుంటారు. సమయం అయిపోయిందని ఆపితే మీ మీద విసుగొచ్చిందని అనుకోకండి. ఆ హద్దు మీకు కూడా మంచిదే.

ముందుగా ఒక అంగీకార పత్రం ఇస్తారు. గబగబా సంతకం పెట్టేయకుండా గోప్యత గురించి ఉన్న భాగం చదవండి. మీరు చెప్పింది వాళ్ల దగ్గరే ఉంటుంది, అయితే కొన్ని మినహాయింపులున్నాయి. మీ ప్రాణానికో, ఇంకొకరి ప్రాణానికో ముప్పు ఉన్నప్పుడు, పిల్లల మీద అఘాయిత్యం జరుగుతోందని తెలిసినప్పుడు, కోర్టు ఆదేశించినప్పుడు కౌన్సెలర్ నోరు విప్పాల్సి రావచ్చు. కచ్చితమైన నియమాలు ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటాయి. కాబట్టి నోటితోనే అడిగి తెలుసుకోండి: ‘మా ఇంట్లోవాళ్లు మీకు ఫోన్ చేసి అడిగితే ఏం చెప్తారు?’ ఇంట్లోవాళ్లే ఫీజు కడుతుంటే ఈ ప్రశ్న మరీ అవసరం. మీరు మైనర్ కాకపోతే, మీ అనుమతి లేకుండా మీరు వస్తున్నారన్న సంగతి కూడా చెప్పననే జవాబు రావాలి.

కొందరు ఒకటి రెండు ప్రశ్నాపత్రాలు నింపమంటారు. మనసు ఎంత కుంగిపోయిందో (డిప్రెషన్) చూడటానికి బాగా వాడుకలో ఉన్నది పీహెచ్‌క్యూ-9. గడిచిన రెండు వారాల్లో మీరెలా ఉన్నారో 9 ప్రశ్నలు అడుగుతుంది, ఒక్కోదానికి 0 నుంచి 3 దాకా మార్కులు, మొత్తం 27. ఆందోళనకు ఇలాంటిదే జీఏడీ-7 ఉంది. ఎక్కువ మార్కులొచ్చినంత మాత్రాన జబ్బు ఉందని తేలిపోయినట్టు కాదు, ఇంకాస్త లోతుగా చూడాలని అర్థం. పీహెచ్‌క్యూలో తొమ్మిదో ప్రశ్న చచ్చిపోతే బాగుండనిపించడం గురించి ఉంటుంది. కొందరు భయపడి అక్కడ సున్నా పెట్టేస్తారు. దయచేసి అలా చేయకండి. అలాంటి ఆలోచన ఉందని చెప్పినంత మాత్రాన సాధారణంగా ఎవరూ మిమ్మల్ని ఆసుపత్రిలో పడేయరు. అది ఎంత తరచుగా వస్తోంది, ఏదైనా చేసుకోవాలన్న పథకం ఉందా అని నెమ్మదిగా అడుగుతారు. మీరు సురక్షితంగా ఉండడానికి ఏం చేయాలో మీతో కలిసే ఆలోచిస్తారు.

ఆ తర్వాత అసలు మాటలు. చాలాసార్లు ఇలా మొదలవుతాయి:

‘ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదండీ.’

‘పర్లేదండీ. నాకు ఫోన్ చేయాలనిపించిన రోజు ఏం జరిగిందో చెప్పండి, చాలు.’

‘ఏం జరగలేదు. మామూలు రోజే. స్నానాల గదిలో కుళాయి తిప్పి, చాలాసేపు అలాగే నిలబడిపోయాను.’

‘అలా నిలబడినప్పుడు ఒంట్లో ఎలా ఉంది?’

చూడండి, ఇక్కడ సలహా లేదు, ‘ధైర్యంగా ఉండాలి’ లేదు. మీరు చెప్పిన చిన్న సంగతినే పట్టుకుని ఇంకొంచెం దగ్గరికి వచ్చారు. నిద్ర, తిండి, కుటుంబం, చిన్నతనం, తాగుడు లాంటి అలవాట్ల గురించి కూడా అడుగుతారు. చెప్పడం ఇష్టం లేనిచోట ‘దీని గురించి ఇప్పుడే వద్దండీ’ అనేయండి. ముఖ్యంగా మీ మీద ఎప్పుడో జరిగిన అఘాయిత్యం గురించి మొదటిరోజే వివరాలన్నీ చెప్పాల్సిన అవసరం లేదు. అనుభవమున్న కౌన్సెలర్ ముందు మీరు నిలదొక్కుకునేలా చూస్తారు, తర్వాతే ఆ గాయం దగ్గరికి వెళ్తారు.

దయ ఎలా కనబడుతుంది?

కార్ల్ రోజర్స్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1957లో రాసిన ఒక వ్యాసంలో, మనిషి మారడానికి థెరపిస్టులో ఉండాల్సిన గుణాలు చెప్పారు. ఎదుటివారి లోకాన్ని వాళ్ల కళ్లతో చూడగలగడం. షరతులు పెట్టకుండా వాళ్లను గౌరవించడం. లోపల ఒకటి, బయట ఒకటి లేకుండా నిజాయితీగా ఉండడం. ఇన్నేళ్లయినా ఈ రంగంలో ఆ మాటకు విలువ తగ్గలేదు.

గదిలో అదెలా ఉంటుందో చెప్తాను. ‘మా నాన్న పోయినప్పుడు నాకు ఏడుపు రాలేదండీ’ అని మీరన్నారనుకోండి. ‘ఒక్కొక్కరూ ఒక్కోలా ఉంటారు లెండి, బాధపడకండి’ అనడం మర్యాదే, కానీ మాట అక్కడితో తెగిపోతుంది. దయగల కౌన్సెలర్ ఒక క్షణం ఆగి, ‘ఏడవలేదని మిమ్మల్ని ఎవరైనా ఏమైనా అన్నారా? మీకు మీరే అనుకుంటున్నారా?’ అని అడుగుతారు. ఇన్నేళ్లుగా మోస్తున్న తప్పు చేశానన్న భావం బయటికి రావడానికి ఆ ఒక్క ప్రశ్న చాలు. కాబట్టి తీయగా మాట్లాడటమే దయ అనుకోకండి. ‘మీరు నవ్వుతూ చెప్తున్నారు, కానీ చెప్పేది నవ్వే విషయంలా లేదు’ లాంటి ఇబ్బంది పెట్టే మాట కూడా దయతోనే అంటారు.

5. ఇంటికి వచ్చాక

తేలికగా అనిపించవచ్చు. నీరసంగా, తలంతా బరువుగా కూడా అనిపించవచ్చు. రాత్రి పడుకున్నాక ‘అనవసరంగా చెప్పేశానేమో’ అని సిగ్గు ముంచుకురావడం చాలామందికి జరుగుతుంది. కొందరు రెండో సెషన్‌కు వెళ్లకుండా ఆగిపోయేది ఆ రాత్రి వల్లే. తర్వాతి సెషన్‌లో మొదటి మాటగా దాన్నే చెప్పండి: ‘పోయినసారి ఇంటికెళ్లాక చెప్పినందుకు బాధపడ్డానండీ.’ అంతకంటే మంచి మొదలు ఉండదు. రోజులు గడుస్తున్నా నిద్ర పట్టకుండా, పని చేసుకోలేనంతగా ఉంటే మాత్రం తర్వాతి సెషన్ దాకా ఆగకుండా ఫోన్ చేసి చెప్పండి. వేగం తగ్గిస్తారు.

6. రెండో సెషన్ నుంచి

ఎడ్వర్డ్ బోర్డిన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1979లో థెరపిస్టుకూ వచ్చినవారికీ మధ్య ఉండాల్సిన పొత్తును మూడు ముక్కల్లో చెప్పారు: ఎక్కడికి చేరాలో ఇద్దరూ ఒప్పుకోవడం, అందుకు ఏం చేయాలో ఒప్పుకోవడం, ఇద్దరి మధ్యా నమ్మకం. ‘సంతోషంగా ఉండాలి’ అన్న కోరికను ‘మీటింగ్ ఉందంటే ముందురోజు రాత్రి నిద్రపోగలగాలి’ అన్నంత స్పష్టంగా మార్చుకోవడం ఈ దశలో పని.

పద్ధతిని బట్టి సెషన్ తీరు మారుతుంది. సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ) అంటే ఆలోచనలనూ, అలవాట్లనూ పరిశీలించి మార్చుకునే పద్ధతి. అమెరికన్ సైకియాట్రిస్ట్ ఆరన్ బెక్ 1960లలో రూపొందించిన కాగ్నిటివ్ థెరపీ నుంచి ఎదిగిన ఈ పద్ధతిలో ఇంటిపని ఉంటుంది. ఉదాహరణకు, బాస్ మీ మెసేజ్‌కు జవాబివ్వలేదు. ‘నామీద కోపం వచ్చింది’ అనుకున్నారు, గుండె దడదడలాడింది. కాగితం మీద నాలుగు గడులు గీసి జరిగింది, తట్టిన ఆలోచన, కలిగిన బాధ నూటికి ఎంత, ఆ ఆలోచనకు సాక్ష్యం ఏముంది అని రాస్తారు. నాలుగో గడి నింపడానికి పెన్ను కదలదు. ఆ ఆగిపోవడం దగ్గరే పని మొదలవుతుంది. వేరే పద్ధతుల్లో ఇంటిపని ఉండకపోవచ్చు, పాత సంబంధాల గురించి ఎక్కువగా మాట్లాడవచ్చు, మధ్యలో మౌనం ఉండవచ్చు. ఆ మౌనాన్ని నింపాల్సిన బాధ్యత మీది కాదు.

సీబీటీ చాలామందికి 6 నుంచి 20 సెషన్ల మధ్య ఉంటుంది, ఎక్కువగా వారానికోసారి. చిన్నప్పటి నుంచి ఉన్న గాయాలకు ఇంకా ఎక్కువ కాలం పట్టొచ్చు.

7. నచ్చకపోతే, నొచ్చుకుంటే

అన్నిటికంటే కష్టమైన మెట్టు ఇదే, నేను ఎక్కువ నమ్మేదీ దీన్నే. ఎంత మంచి కౌన్సెలరైనా ఏదో ఒకరోజు మిమ్మల్ని తప్పుగా అర్థం చేసుకుంటారు. గడియారం వంక చూస్తారు, పోయినవారం చెప్పిన పేరు మర్చిపోతారు, తొందరపడి ఒక మాట అంటారు. పెద్దవాళ్లతో ఎదురు మాట్లాడకూడదని పెరిగిన మనకు ‘పోనీలే’ అని సర్దుకుపోవడమో, చెప్పకుండా మానేయడమో అలవాటు. ఈ ఒక్కచోట ఆ అలవాటు పక్కన పెట్టండి. ‘మీరు అమ్మ వైపు మాట్లాడినట్టు అనిపించిందండీ, నాకు కష్టమేసింది’ అని అనండి. గొంతు వణికినా సరే. నిజాయితీ ఉన్నవారు సమర్థించుకోరు. ‘చెప్పినందుకు థాంక్స్. ఏ మాట దగ్గర అలా అనిపించింది?’ అంటారు. నొప్పించిన మనిషితోనే మాట్లాడి సరిచేసుకోవడం కొందరికి జీవితంలో అదే మొదటిసారి కావచ్చు. ఇంట్లో, ఆఫీసులో చేయాల్సింది కూడా అదే కాబట్టి ఆ సెషన్ వృథా పోదు.

చెప్పినా వినకపోతే, రెండు మూడు సెషన్ల తర్వాత కూడా మాటలు దాచుకునే వెళ్తున్నట్టయితే, మారండి. ఒకరితో కుదరకపోతే మీలో లోపమున్నట్టు కాదు.

మాట్లాడి చూద్దామని కూడా అనుకోకూడని సందర్భాలున్నాయి. లైంగికంగా దగ్గర కావాలని చూడటం, అప్పు అడగడం, వ్యాపారంలోకి లాగడం, తమ మతాన్ని రుద్దడం, మిమ్మల్ని ఎగతాళి చేయడం, మిగతా క్లయింట్ల సంగతులు మీకు చెప్పడం, డాక్టరు ఇచ్చిన మందులు మానేయమనడం. ఇలాంటివాటిలో ఏది జరిగినా వెంటనే ఆపేసి, లైసెన్స్ ఇచ్చిన సంస్థకు ఫిర్యాదు చేయండి.

8. మార్పు, ముగింపు

ప్రతి నాలుగైదు సెషన్లకోసారి ‘మనం ఎక్కడున్నాం?’ అని అడగండి. మొదట్లో నింపిన ప్రశ్నాపత్రాన్నే మళ్లీ నింపి పోల్చి చూడొచ్చు. మార్పు చాలాసార్లు చప్పుడు లేకుండా వస్తుంది. అదే గొడవ జరిగినా ఈసారి రెండు రోజులు పట్టకుండా సాయంత్రానికే తేరుకుంటారు. ఇంట్లోవాళ్లు మీకంటే ముందే గమనించవచ్చు.

ఆపాలనుకున్నప్పుడు ఫోన్ ఎత్తకుండా ఉండిపోవడం కంటే ఒక చివరి సెషన్ పెట్టుకోవడం మేలు. వారానికోసారి ఉన్నదాన్ని ముందు రెండు వారాలకు, తర్వాత నెలకు జరుపుతారు. చివరిరోజున, ‘మళ్లీ కుంగిపోతున్నాను’ అని తెలిపే తొలి గుర్తులేమిటో, ఏం చేస్తే తేలికపడ్డారో, ముందుగా ఎవరికి ఫోన్ చేయాలో ఇద్దరూ కలిసి ఒక కాగితం మీద రాసుకోండి. మళ్లీ రావాల్సి వస్తే నేరుగా వచ్చేయొచ్చా, మీ ఫైలు ఎంతకాలం ఉంచుతారు అన్నది కూడా ఆరోజే అడిగేయండి.