ప్రయాణానికి ముందు ఇంటి డీడ్ ఎవరి పేరున ఉందో చూసుకోండి

జూన్‌లో బడులకు సెలవులివ్వగానే అమెరికాలోని తెలుగు కుటుంబాల ఇండియా ప్రయాణాలు మొదలవుతాయి. పాస్‌పోర్టులు, వీసా స్టాంపింగు, పిల్లల టీకాలు, ప్రయాణ బీమా గురించి నేను చెప్పబోవడం లేదు. అవి అందరికీ తెలిసినవే, అందరూ చూసుకునేవే. బయలుదేరే ముందు ఒక్క పూటలో తేల్చుకోగలిగిన మరో విషయం ఉంది: మీ ఇంటి డీడ్ (యాజమాన్య దస్తావేజు) మీ ట్రస్టు పేరున ఉందా లేదా అన్నది. దాన్ని చూసుకోకపోవడం వల్ల కుటుంబాలు చితికిపోవడం నేను చాలాసార్లు చూశాను, ఈ ఏడాది మళ్లీ చూస్తున్నాను.

నేను విశాఖపట్నంలో న్యాయశాస్త్రం చదివి, ఇక్కడికి వచ్చి ఎల్‌ఎల్‌ఎం పూర్తి చేసి, కాలిఫోర్నియా బార్ పరీక్ష రాసి, పద్ధెనిమిదేళ్లుగా, చనిపోయాక ఆస్తులు ఎవరికెలా చేరాలో ముందే ఏర్పాటు చేసే ఎస్టేట్ ప్లానింగ్‌లోనూ చిన్న వ్యాపారాల వ్యవహారాల్లోనూ ప్రాక్టీసు చేస్తున్నాను. నా దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువమంది తెలుగువారే.

కిందటి శీతాకాలంలో మా ప్రాంతపు హైవే మీద జరిగిన ప్రమాదంలో ఒక తెలుగు దంపతులు ఒకే రాత్రి చనిపోయారు. వెనుక సీటులో ఉన్న పదకొండేళ్ల అమ్మాయి, ఏడేళ్ల బాబు బతికారు. నెల తిరగకముందే పిల్లల మేనమామ ఒక నల్ల ఫైలు పట్టుకుని నా ఆఫీసుకు వచ్చారు. 2018లో వేరే న్యాయవాది చేత రాయించుకున్న లివింగ్ ట్రస్టు (బతికుండగానే ఆస్తులను ట్రస్టు పేరుకు మార్చి, తర్వాత కోర్టు పని లేకుండా వారసులకు చేరేలా చేసే ఏర్పాటు) పత్రం అందులో ఉంది. సంతకాలు, నోటరీ ముద్రలు, పిల్లల సంరక్షకుల పేర్లు అన్నీ సక్రమంగా ఉన్నాయి. "బావగారు అన్నీ ముందే చూసుకున్నారండీ, మాకు కోర్టు పని ఉండదు కదా" అని ఆయన అడిగారు. కౌంటీ రికార్డులు తెప్పించి చూస్తే, ఇల్లు 2018లో ట్రస్టు పేరుకు మారింది, 2021లో తిరిగి దంపతుల సొంత పేర్లకు వచ్చేసింది.

ఆ ఏడాది వడ్డీలు బాగా తగ్గడంతో వారు రీఫైనాన్స్ చేసుకున్నారు, అంటే పాత ఇంటి అప్పు స్థానంలో తక్కువ వడ్డీకి కొత్త అప్పు తీసుకున్నారు. అప్పిచ్చే సంస్థ ఇంటిని ట్రస్టులోంచి బయటకు తీయమన్నది; సంతకాలు పెట్టాల్సిన కాగితాల దొంతరలో ఆ డీడ్ కూడా ఒకటిగా వెళ్లిపోయింది. ఇంటిని మళ్లీ ట్రస్టులోకి చేర్చే డీడ్ ముసాయిదా ఆ ఫైలు వెనుక జేబులోనే, మడత కూడా నలగకుండా, సంతకం పెట్టాల్సిన గీత పక్కన అంటించిన పసుపు చీటీతో సహా దొరికింది. నాలుగేళ్లకు పైగా అది అక్కడే ఉండిపోయింది.

ఇల్లు

ట్రస్టు రాయడం వేరు, ఆస్తిని ట్రస్టు పేరుకు మార్చడం వేరు. ట్రస్టు అన్నది ఒక పెట్టె వంటిది. అందులో పెట్టిన వస్తువుకే అది రక్షణ ఇస్తుంది. పెట్టె ఎంత ఖరీదైనదైనా బయట ఉండిపోయిన వస్తువు ప్రొబేట్ కోర్టుకే, అంటే చనిపోయినవారి ఆస్తిని వారసులకు అప్పగించే కోర్టుకే వెళుతుంది. ట్రస్టుతో పాటు రాసే పోర్-ఓవర్ విల్లు ఆ ఆస్తిని చివరకు ట్రస్టులోకి చేరుస్తుందన్న మాట నిజమే కానీ, ఆ విల్లు అమలు కావాలన్నా అంత ఆస్తికి ప్రొబేట్ జరగాల్సిందే.

కాలిఫోర్నియాలో ఆ ఖర్చు ఎంతో చట్టంలోనే రాసి ఉంది. మొదటి లక్ష డాలర్ల మీద 4 శాతం, తర్వాతి లక్ష మీద 3 శాతం, ఆ పైన 8 లక్షల మీద 2 శాతం, ఆపై 90 లక్షల మీద 1 శాతం చొప్పున న్యాయవాదికి రుసుము ఉంటుంది. ఎస్టేటును (చనిపోయినవారి ఆస్తిని) నిర్వహించే వ్యక్తికి కూడా అంతే మొత్తం తీసుకునే హక్కు ఉంటుంది. ఈ దంపతుల ఇల్లు 12 లక్షల డాలర్లది, దాని మీద అప్పు 7 లక్షలు. లెక్క మాత్రం అప్పు తీసివేయకుండా 12 లక్షల మీదే కడతారు కాబట్టి, న్యాయవాది రుసుమే 25 వేల డాలర్లు అవుతుంది. ఆ కేసు ఇంకా నడుస్తోంది. పిల్లలు మేనమామ ఇంట్లో ఉన్నారు. ఇల్లు ఖాళీగా ఉంది. నెల నెలా వాయిదా మాత్రం కట్టాల్సి వస్తోంది.

అందువల్ల రీఫైనాన్స్ చేసుకున్న ప్రతి ఒక్కరూ, ముఖ్యంగా 2020, 2021 సంవత్సరాల్లో చేసుకున్నవారు, కౌంటీ రికార్డర్ కార్యాలయం నుంచి చివరిగా రికార్డయిన డీడ్ నకలు తెప్పించుకోవాలి. అందులో మీ పేర్ల పక్కన ఫలానా ట్రస్టుకు ట్రస్టీలు అన్న మాట ఉండాలి. ఆ మాట లేకపోతే ఇల్లు ట్రస్టులో లేదు, ఫైలులో ఏమి రాసి ఉన్నా సరే. మీరుండే ఇంటిని మీ సొంత రివోకబుల్ (ఎప్పుడైనా రద్దు చేసుకోగల) ట్రస్టుకు మార్చితే బ్యాంకు అప్పు మొత్తం ఒకేసారి కట్టమంటుందేమోనని కొందరు భయపడుతున్నారు. 1982 నాటి గార్న్-సెయింట్ జెర్మైన్ చట్టం బ్యాంకును అలా అడగనివ్వదు. కాలిఫోర్నియాలో ఆ మార్పు వల్ల ఆస్తిపన్ను విలువను తిరిగి లెక్కకట్టరు. ఇంటి బీమా సంస్థకు మాత్రం పేరు మారిన సంగతి రాతపూర్వకంగా తెలియజేయండి.

వ్యాపారం

ఇక్కడా అదే తప్పు. ఆ దంపతుల్లో భర్తకు పన్నెండు మంది కన్సల్టెంట్లతో నడిచే ఒక చిన్న ఐటీ కంపెనీ ఉండేది. షేర్లు ఆయన సొంత పేరున ఉన్నాయి, బ్యాంకు ఖాతా మీద సంతకం చేసే అధికారం ఆయన ఒక్కరికే ఉంది. జీతాల రోజు వచ్చింది, ఖాతాలో డబ్బు ఉంది, కానీ తీసే మనిషి లేడు. ఆ పన్నెండు మందిలో తొమ్మిది మంది హెచ్-1బి వీసా మీద ఉన్నవారు. వారికి జీతం ఆగిందంటే వీసాకే ఇబ్బంది. కోర్టు నుంచి అధికార పత్రం చేతికి వచ్చేసరికి ఇద్దరు క్లయింట్లు కాంట్రాక్టులు రద్దు చేసుకున్నారు.

ఎల్‌ఎల్‌సీ అయితే మీ వాటాను ట్రస్టుకు రాసిచ్చే పత్రం, కార్పొరేషన్ అయితే ట్రస్టు పేరున షేరు సర్టిఫికెట్ ఉండాలి. మీరు లేనప్పుడు మేనేజరుగా ఎవరుంటారో ఆపరేటింగ్ అగ్రిమెంటులో పేరుతో సహా రాసి ఉండాలి.

మీ కంపెనీ ఎస్ కార్పొరేషన్ (లాభాల మీద పన్నును కంపెనీ కాక వాటాదారులే కట్టే రకం) అయితే ఇంకో ప్రమాదం ఉంది. అమెరికా పౌరుడు కాక, ఇక్కడ రెసిడెంటు కూడా కాని వ్యక్తి దానిలో వాటాదారుగా ఉండకూడదు. గుంటూరులో ఉన్న తమ్ముడికి ప్రేమతో పది షేర్లు రాసినా కంపెనీ ఎస్ హోదా పోతుంది, లాభాల మీద కంపెనీయే 21 శాతం ఫెడరల్ పన్ను కట్టాల్సి వస్తుంది.

స్నేహితులిద్దరు సగం సగం పెట్టుబడితో నడిపే మోటెళ్లు, గ్యాస్ స్టేషన్లు మనవాళ్లకు చాలా ఉన్నాయి. ఒకరు పోతే ఆ వాటాను రెండోవారు ఏ ధరకు, ఏ డబ్బుతో కొనాలో చెప్పే ఒప్పందం వీరిలో చాలామందికి లేదు. ఒప్పందం ఉండి, దానికోసం కంపెనీ పేరునే జీవిత బీమా తీసుకున్నవారు కూడా 2024 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు కానెలీ కేసులో ఇచ్చిన తీర్పు చూసుకోవాలి. సెయింట్ లూయిస్‌లో భవన సామగ్రి వ్యాపారం చేసే అన్నదమ్ముల్లో ఒకరు చనిపోగా, కంపెనీకి వచ్చిన బీమా సొమ్ములో 30 లక్షల డాలర్లతో ఆయన వాటాను కొన్నారు. ఎస్టేట్ పన్ను లెక్కలో ఆ 30 లక్షలను కూడా కంపెనీ విలువలో కలపాల్సిందేనని కోర్టు ఏకగ్రీవంగా తేల్చింది. పెద్ద వ్యాపారం ఉన్నవారు పాత ఒప్పందాన్ని తిరిగి చూపించుకోవాలి.

ట్రస్టు పేరుకు మార్చకూడనివి

పేరు మార్చమన్నాను కదా అని 401కె, ఐఆర్ఏ అనే రిటైర్మెంటు పొదుపు ఖాతాలను ట్రస్టు పేరుకు మార్చకండి. ఐఆర్ఏను అలా మార్చితే మొత్తం సొమ్మును మీరు బయటకు తీసుకున్నట్టు లెక్కకట్టి పన్ను వేస్తారు. వీటికి బెనిఫిషియరీ ఫారమే (మీ తర్వాత సొమ్ము ఎవరికి చెందాలో రాసే ఫారమ్) ప్రాణం; విల్లులో ఏమి రాసినా ఆ ఫారమ్ మాటే చెల్లుతుంది. వాషింగ్టన్ రాష్ట్రానికి చెందిన బోయింగ్ ఉద్యోగి ఒకరు విడాకులైన కొద్ది నెలలకే చనిపోయినప్పుడు, ఫారాల్లో మాజీ భార్య పేరు అలాగే ఉన్నందున ఉద్యోగం ద్వారా వచ్చే బీమా, పింఛను ఆమెకే చెందుతాయని 2001లో సుప్రీంకోర్టు ఎగెల్‌హాఫ్ కేసులో చెప్పింది. ఆయన పిల్లలకు దక్కలేదు.

మనవాళ్లలో కనిపించేది ఇంకో రకం. పెళ్లికి ముందు మొదటి ఉద్యోగంలో చేరిన రోజున, జీవిత బీమా ఫారమ్‌లో అన్నయ్య పేరో నాన్నగారి పేరో రాసి ఉంటారు. 401కె విషయంలో ఫెడరల్ చట్టం భార్యకో భర్తకో హక్కు కల్పిస్తుంది; జీవిత బీమాకూ ఐఆర్ఏకూ ఆ రక్షణ లేదు. ఉద్యోగం మారిన ప్రతిసారీ వదిలేసి వచ్చిన పాత ఖాతాలను కూడా వెతికి చూడండి.

ఇక మిగిలినవి వరుసగా చెబుతున్నాను.

మైనరు పిల్లల పేర్లను నేరుగా బెనిఫిషియరీలుగా రాయకండి. పెద్ద మొత్తాలను సంస్థ పిల్లల చేతికి ఇవ్వదు, కోర్టు నియమించిన సంరక్షకుడు కావాలి. పద్ధెనిమిదేళ్లు నిండిన రోజున మొత్తం సొమ్ము ఒకేసారి వాళ్ల చేతిలో పడుతుంది.

పిల్లల సంరక్షకులుగా ఇండియాలో ఉన్న తాతయ్య, అమ్మమ్మల పేర్లు ఒక్కటే రాయకండి. విజిటర్ వీసా మీద వచ్చిన వారికి ఇక్కడ ఎన్నాళ్లు ఉండే వీలుంటుందో ఆలోచించండి. ఆ మొదటి రాత్రి పిల్లలను ఇంటికి తీసుకెళ్లగలిగే, మీ ఊళ్లోనే ఉండే ఒకరిని తాత్కాలిక సంరక్షకులుగా రాయండి, రాసిన సంగతి వారికి చెప్పండి.

ఇండియాలో ఉండే అన్నగారిని ఏకైక ట్రస్టీగా పెట్టకండి. నిర్ణయాధికారం విదేశంలో ఉన్న ట్రస్టును పన్ను చట్టం విదేశీ ట్రస్టుగా చూస్తుంది, రిపోర్టింగు భారం పెరుగుతుంది.

ఇండియాలోని పొలాలకు, ప్లాట్లకు వేరుగా ఇండియా చట్టం ప్రకారం వీలునామా రాయండి, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేయండి. అయితే అందులో "ఇంతకు ముందు రాసిన వీలునామాలన్నీ రద్దు" అని గుడ్డిగా రాయనివ్వకండి. దస్తావేజు లేఖరులు అలవాటుగా రాసే ఆ ఒక్క వాక్యం ఇక్కడి విల్లును కూడా రద్దు చేస్తుంది. "ఇండియాలోని ఆస్తులకు సంబంధించినంతవరకు" అని స్పష్టంగా చేర్పించండి.

భార్య లేక భర్త అమెరికా పౌరులు కాకపోతే ఆ సంగతి న్యాయవాదికి చెప్పండి. పౌరులైన జీవిత భాగస్వామికి ఎంత ఆస్తి వెళ్లినా ఎస్టేట్ పన్ను ఉండదన్న నియమం మీకు వర్తించదు.

ఉద్యోగం చాలించుకుని హైదరాబాదుకు శాశ్వతంగా వెళ్లిపోయేవారు అమెరికా కంపెనీల షేర్లను ఇక్కడి ఖాతాల్లో అలాగే వదిలి వెళ్లకండి. 2026లో పౌరులకూ ఇక్కడే స్థిరపడినవారికీ 1.5 కోట్ల డాలర్ల వరకు ఫెడరల్ ఎస్టేట్ పన్ను మినహాయింపు ఉంది. పౌరసత్వం లేకుండా ఇండియాలో స్థిరపడినవారికి ఆ మినహాయింపు 60 వేల డాలర్లే. ఇండియాతో ఎస్టేట్ పన్ను ఒప్పందం లేదు.

పిల్లలకు పద్ధెనిమిదేళ్లు నిండితే హెల్త్ కేర్ డైరెక్టివ్ (వైద్య నిర్ణయాలు ఎవరు తీసుకోవాలో చెప్పే పత్రం), పవర్ ఆఫ్ అటార్నీ రాయించండి. కాలేజీకి వెళ్లిన కొడుకు ఆసుపత్రిలో ఉంటే తల్లిదండ్రులన్న కారణంతో డాక్టర్లు వివరాలు చెప్పాల్సిన అవసరం లేదు.

పిల్లల చదువు కోసం పొదుపు చేసే 529 ఖాతాకు తదుపరి యజమాని పేరు రాయండి.

న్యాయవాదిని ఎంచుకునే ముందు వారి లైసెన్సు మీ రాష్ట్రానిదేనా, క్రమశిక్షణ చర్యలేమైనా ఉన్నాయా అని స్టేట్ బార్ రికార్డులో చూడండి. కాలిఫోర్నియాలో ఎస్టేట్ ప్లానింగ్, ట్రస్టు, ప్రొబేట్ చట్టంలో స్పెషలిస్టుగా బార్ ధ్రువీకరించిన వారెవరో కూడా అక్కడే తెలుస్తుంది. వారిని మొదట అడగాల్సింది రుసుము కాదు. డీడ్ రాసి రికార్డు చేయించే బాధ్యత వారిదా, మీదా అన్నది. మీదే అంటే వేరేవారిని చూసుకోండి.

ఖాళీ డీడ్ మీద సంతకం పెట్టి, నోటరీ తర్వాత చేయించుకుందామని దాచుకోకండి.

బయలుదేరే ముందు ఫైలు ఏ అలమరాలో ఉందో మీ తదుపరి ట్రస్టీకి చెప్పండి. డీడ్ మొదటి పేజీని ఫొటో తీసి వారికి పంపండి. ఆ ఫొటోలో మీ పేర్ల పక్కన ట్రస్టీలు అన్న మాట కనిపించకపోతే, విమానం ఎక్కే రోజు దాకా ఆగకుండా ఈ వారంలోనే కొత్త డీడ్ రాయించి, నోటరీ ఎదుట సంతకం చేసి, కౌంటీలో రికార్డు చేయించండి.