ఇంట్లో అక్వేరియం, 4వ పాఠం: ఏ చేప పక్కన ఏ చేప?

గత పాఠం చివర చెప్పిన పని చేసి ఉంటే ఈపాటికి మీ టెస్ట్ కిట్‌లో చేపలకు విషమైన అమ్మోనియా సున్నా, నైట్రైట్ కూడా సున్నా చూపిస్తూ ఉండాలి. ఇంకా చూపించకపోతే ఈ పాఠం చదవండి గానీ షాపు వైపు వెళ్లకండి. చూపిస్తున్నా సరే, ఇవాళే వెళ్లొద్దు. ఈసారి పనంతా కాగితం మీదే.

మనం మొదట్నుంచీ అనుకుంటున్న ట్యాంక్ 3 అడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తు. గుణిస్తే 127 లీటర్లు వస్తుంది. అడుగున పోసిన ఇసుక, రాళ్లు, పైన వదిలిన ఖాళీ తీసేస్తే నిజంగా ఉండే నీళ్లు 105 లీటర్లకు అటూఇటూ. చేపల లెక్క ఎప్పుడూ ఈ రెండో అంకె మీదే వేయాలి.

‘ఇవి కలిసుంటాయా?’ అని ఏ షాపులో అడిగినా దాదాపు ఒకటే జవాబు. ‘అన్నీ కలిసే ఉంటాయి సార్, మా ట్యాంక్‌లో ఉన్నాయి కదా, చూడండి.’ అతను అబద్ధమాడటం లేదు. అక్కడున్నవన్నీ పిల్లలు. వచ్చి నాలుగు రోజులైంది, ఇంకో నాలుగు రోజుల్లో ఎవరింటికో వెళ్లిపోతాయి. బస్టాండు బెంచీ మీద పక్కపక్కన కూర్చున్నవాళ్లు కొట్టుకోవడం లేదు కదా అని అందర్నీ తీసుకెళ్లి ఒకే ఇంట్లో కాపురం పెట్టించలేం.

నేనూ ఆ జవాబు నమ్మినవాణ్నే. నా మొదటి ట్యాంక్‌లో పది నియాన్ టెట్రాలు, రూపాయి బిళ్లంత ఏంజెల్ పిల్లలు రెండు వేశాను. ఐదు నెలలు చూడముచ్చటగా ఉన్నాయి. ఒకరోజు పొద్దున్నే లైటు వేసి లెక్కపెడితే నియాన్లు ఏడు. ఫిల్టర్ వెనక వెతికాను, బయటికి దూకాయేమోనని బల్ల కింద కూడా చూశాను. మర్నాడు ఆరు. ఆ పొద్దున ఏంజెల్ నోటి అంచున ఎర్రగా ఏదో కదిలింది. నియాన్ వెనక సగం ఎర్రగా ఉంటుందని మీకు తెలుసు కదా. ఏంజెల్‌ది తప్పేం లేదు. పెరిగితే అది అరచేయంత అవుతుంది, నియాన్ మూడు సెంటీమీటర్ల దగ్గరే ఆగిపోతుంది. అమెజాన్ నదిలో ఏంజెల్ తిండిలో చిన్న చేపలు ఎటూ ఉంటాయి. నోట్లో పట్టేది ఏదైనా తిండే. దీనికి మినహాయింపు ఉందని ఎవరు చెప్పినా నమ్మకండి.

అయితే నోటి సంగతి కంటే ముందు తేల్చుకోవాల్సింది నీళ్ల సంగతి. చేపల జాబితా రాసుకుని దానికి తగ్గట్టు నీళ్లు మార్చుకుందామనుకునేవాళ్లు ఆరు నెలల్లో విసిగిపోతారు. మీ ఇంటికొచ్చే నీళ్లను బట్టి చేపల్ని ఎంచుకోండి, జీవితం సుఖంగా ఉంటుంది. బోరు నీళ్లా, మున్సిపాలిటీ కుళాయి నీళ్లా? సబ్బు రుద్దితే నురగ రాకుండా, బకెట్ అంచున తెల్లగా పొర కట్టి, కందిపప్పు ఎంతసేపటికీ ఉడకకపోతే అది కఠిన జలం. వంటింట్లో తెలిసిపోయేదే. అంకె కావాలంటే కాఠిన్యాన్ని డిగ్రీల్లో చూపించే జీహెచ్ కిట్‌తో కొలవండి. 8 డిగ్రీల లోపు ఉంటే మెత్తని నీళ్లు, 15 దాటితే బాగా కఠినం. చాలామంది దగ్గరుండే టీడీఎస్ మీటర్ నీళ్లలో కరిగిన లవణాలన్నిటినీ కలిపి చూపిస్తుంది, కాఠిన్యం ఒక్కదాన్నే చెప్పదు. సుమారుగా ఒక అంచనాకు మాత్రం పనికొస్తుంది. మా ఇంట్లో కుళాయి నీళ్లకు 240, బోరుకు 780 వస్తుంది. ఒకే ఇంట్లో రెండు ప్రపంచాలన్నమాట.

గప్పీ, ప్లాటీ, మోలీ మధ్య అమెరికా, దాని చుట్టుపక్కల ప్రాంతాల చేపలు. ఇవి కఠిన జలంలో హాయిగా ఉంటాయి, మెత్తని నీళ్లలో మోలీ అయితే నీరసపడి ఒకచోటే ఊగుతూ నిలబడిపోతుంది. నియాన్, కార్డినల్ టెట్రాలు, రాస్‌బోరాలు దీనికి తలకిందులు. ఫారంలో పుట్టి పెరిగినవి కొంతవరకు సర్దుకుంటాయి గానీ ఆ బోరు నీళ్లలో వాటి రంగు తేలదు. మోలీ, నియాన్ ఒకే ట్యాంక్‌లో అందంగా కనిపిస్తాయనేది నిజమే. రెంటిలో ఒకటి ఎప్పుడూ ఇబ్బంది పడుతూనే ఉంటుందనేది కూడా నిజమే.

వేడి సంగతీ ఇక్కడే తేల్చుకోండి. బయటి దేశాల పుస్తకాలన్నీ హీటర్ గురించి పేజీలకు పేజీలు రాస్తాయి. మనకు హీటర్ డిసెంబర్, జనవరిలో తప్ప పని లేదు. మే నెలలో ఏసీ లేని హాల్లో నీళ్లు 32 డిగ్రీలకు చేరితే అసలు పరీక్ష. వేడెక్కిన నీళ్లలో ఆక్సిజన్ తక్కువ నిలుస్తుంది, చేపకేమో ఎక్కువ కావాలి. మూత తీసి నీటి ఉపరితలం మీదికి చిన్న ఫ్యాన్ తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. అయినా చల్లదనం కోరే చేపల్ని మొదటే వదిలేయడం మేలు. గోల్డ్‌ఫిష్ అందులో మొదటిది. దానికి 18 నుంచి 22 డిగ్రీలు ఇష్టం, పైగా తిన్నదంతా మురికి చేస్తుంది, పక్కవాటి రెక్కలు నోట్లో పెట్టుకుని చూస్తుంది. గోల్డ్‌ఫిష్ కావాలంటే దాని ట్యాంక్ దానికే.

ఇప్పుడు పెరిగే సైజు. ఇక్కడ కాస్త నిదానంగా చదవండి, ఎక్కువమంది దెబ్బతినేది దీని దగ్గరే.

షాపులో ‘షార్క్’ అని వేలెడంత వెండిరంగు చేపను జతల్లెక్కన అమ్ముతారు. చకచకా తిరుగుతూ పిల్లలకు భలే నచ్చుతుంది. అది పంగస్. కృష్ణా, పశ్చిమ గోదావరి చెరువుల్లో పెంచి లారీల్లో ఎగుమతి చేసే ఆ పంగసే. మీటరు దాటి పెరిగే జాతి. ‘పిరానా పిల్ల’ అని ఎర్రపొట్ట చేపను చూపిస్తారు, అది చాలాసార్లు ఆదివారం మార్కెట్లో కిలోల్లెక్కన తూచే రూప్‌చంద్. వీటిని 105 లీటర్లలో వేయడమంటే దూడని బాత్రూంలో కట్టేయడమే.

మూడోది అద్దానికి నోరు అంటించుకుని ఉండే సక్కర్. ‘ట్యాంక్ క్లీన్ చేస్తుంది సార్’ అంటూ దాదాపు ప్రతి ఒక్కరికీ అంటగడతారు. నాచు తింటుంది, నిజమే. కానీ తిన్నదానికి మించి రెట్ట వేస్తుంది, అడుగు దాటి పెరుగుతుంది. పెరిగాక ఏం చేయాలో తెలియక జనం చెరువులో వదిలేస్తారు. ఆంధ్ర చెరువుల్లో రైతులు ‘డెవిల్ ఫిష్’ అని తిట్టుకుంటూ వలల నుంచి విడదీసుకునే ముళ్ల చేపలు ఈ సక్కర్ కుటుంబానివే. మీ చేతి నుంచి ఒక్కటి కూడా చెరువులో పడకూడదు. నాచుకు మందు లైటు సమయం తగ్గించడం, రెండో పాఠంలో చెప్పాను.

అంగుళం చేపకు నాలుగు లీటర్లు అనే పాత లెక్క మీరు వినే ఉంటారు. చిన్న, సన్నని చేపలకు ఓ మోస్తరుగా పనిచేస్తుంది. పెద్దవాటికి తప్పుతుంది. పొడవు రెట్టింపైతే బరువు రెట్టింపు కాదు, అదే ఆకారమైతే ఎనిమిది రెట్లు. పది అంగుళాల ఆస్కార్ ఒక్కటి, అంగుళం నియాన్లు పదికి సమానమని ఆ లెక్క చెబుతుంది. ఆస్కార్ వేసే మురికి చూసినవాళ్లు నవ్వుతారు.

ఇక స్వభావం. టైగర్ బార్బ్ పొడవు రెక్కలు కనిపిస్తే కొరక్కుండా ఉండలేదు. ఏంజెల్, గప్పీ, గౌరామి పక్కన వద్దు. దాన్నే ఎనిమిది, పది కలిపి వేస్తే ఆ కొట్లాటంతా వాటిలో వాటికే సరిపోతుంది. కొన్ని చేపలు గుంపులో ఉంటేనే మర్యాదగా ఉంటాయి, రెండో మూడో ఉంటే భయపడి దాక్కోవడమో, పక్కవాటి మీద పడటమో చేస్తాయి. టెట్రా, రాస్‌బోరా, డానియో, కోరీ ఏదైనా ఆరుకు తక్కువ కొనకండి. ‘రకానికో జత ఇవ్వండి’ అనే మన అలవాటు ఇక్కడ పూర్తిగా తప్పు. పది రకాలు రెండేసి కంటే మూడు రకాలు తగినన్ని. ఫైటర్ ఒంటరి చేప, దాన్నిలా వదిలేద్దాం.

కాగితం తీసుకుని అడ్డంగా రెండు గీతలు గీయండి. పైన, మధ్య, అడుగు. నీళ్లలో కూడా మేడ మీద ఉండేవాళ్లు, కింద ఉండేవాళ్లు వేరు. మూడు అంతస్తులకూ ఒక్కో రకం పడితే ట్యాంక్ నిండుగా కనిపిస్తుంది, ఎవరి దారికి ఎవరూ అడ్డురారు.

మెత్తని కుళాయి నీళ్లున్నవాళ్లకు నా కాగితం ఇలా ఉంటుంది. పైన పెర్ల్ గౌరామి మూడు, ఒక మగ, రెండు ఆడ. మగదానికి గొంతు కింద నారింజ రంగు తేలుతుంది. రెండు మగవి వేశారో, రోజంతా తరుముకోవడమే. ఇది మన కొర్రమీనులాగే పైకొచ్చి గాలి పీలుస్తుంది కాబట్టి మే నెల వేడికి అంత బెదరదు. మధ్యలో హార్లెక్విన్ రాస్‌బోరా పది, ఒంటి మీద నల్ల త్రికోణం ఉంటుంది చూడండి, అదే. అడుగున కోరీలు ఆరు. జెల్ల పిల్లలకున్నట్టు మీసాలుంటాయి, ఆ మీసాలతో ఇసుక కెలుక్కుంటూ తిరుగుతాయి. పదునైన కంకర పోసి ఉంటే మీసాలు అరిగిపోతాయి, సన్నని ఇసుకే వాడండి. మీ హాలు ఎండాకాలం మరీ కాలిపోయేదైతే కోరీలకు బదులు కూలీ లోచ్‌లు ఆరు. పగలంతా దాక్కుంటాయి గనుక ‘డబ్బులిచ్చి కొన్న చేపలేవీ?’ అని ఇంట్లో అడుగుతారు, సిద్ధంగా ఉండండి.

బోరు నీళ్లయితే పైన జీబ్రా డానియోలు ఎనిమిది. మన దేశపు చేపే, 1822లోనే హామిల్టన్ అనే స్కాట్లాండ్ ప్రకృతి శాస్త్రవేత్త గంగా పరీవాహకపు చేపల్లో దీన్ని నమోదు చేశాడు. గట్టి ప్రాణం. కింద కాంస్యరంగు కోరీలు ఆరు. మధ్యలో ప్లాటీలు, మగ రెండు, ఆడ నాలుగు. పొట్ట కింది రెక్క పుల్లలా సన్నగా ఉంటే మగ, విసనకర్రలా విచ్చుకుని ఉంటే ఆడ. ఆడవి షాపు నుంచే కడుపుతో వస్తాయి, నెలకోసారి పిల్లల్ని పెడతాయి. పుట్టినవాటిలో చాలావాటిని పెద్దవే తినేస్తాయి, మొక్కలు దట్టంగా ఉంటే కొన్ని మిగులుతాయి. ఆ గొడవ వద్దనుకుంటే ప్లాటీల చోట చెర్రీ బార్బ్‌లు ఎనిమిది. మన కాలవల్లో పరిగెలుంటాయే, వాటి చుట్టాలు, శ్రీలంక నుంచి.

అన్నీ ఒకేరోజు తేవద్దు. ఫిల్టర్‌లోని బాక్టీరియా ఇప్పుడున్న మురికికి సరిపడా మాత్రమే ఉంది. వారానికో పది రోజులకో ఒక రకం. మొదట రాస్‌బోరాలో డానియోలో, తర్వాత అడుగు చేపలు, చివర గౌరామి. ముందొచ్చిన గౌరామి ట్యాంకంతా తనదే అనుకుంటుంది, వెనకొచ్చినవాటిని ఇంట్లో అద్దెకు దిగినవాళ్లలా చూస్తుంది.

వచ్చే పాఠంలోపు చేయాల్సిన పని: ఓ సాయంత్రం షాపుకెళ్లండి, డబ్బులు ఇంట్లోనే వదిలేసి. మీ కాగితంలోని మూడు రకాల్లో ఒకదాని ముందు పది నిమిషాలు నిలబడండి. రెక్కలు ఒంటికి అంటించుకుని ఉన్నాయా, విప్పుకుని ఉన్నాయా? రవ్వ చల్లినట్టు తెల్లచుక్కలున్నాయా? ఏదైనా రాళ్లకేసి ఒళ్లు రుద్దుకుంటోందా? కొంచెం తిండి వేయమని అడగండి, తినడానికి ముందుకు రానివి ఎన్నో లెక్కపెట్టండి. అదే ట్యాంక్‌లో చచ్చిన చేప ఒక్కటి తేలినా ఆ వారం అక్కడ కొనొద్దు. చూసింది అక్కడే రాసుకోండి. కొన్నవాటిని కవర్లోంచి నేరుగా ట్యాంక్‌లో పోయకుండా వేరే డబ్బాలో మూడు వారాలు ఎలా ఉంచాలో 5వ పాఠంలో చూద్దాం. దానికి 20 లీటర్ల ప్లాస్టిక్ టబ్బు ఒకటి, చిన్న స్పాంజ్ ఫిల్టర్ ఒకటి కావాలి. ఆ స్పాంజ్‌కీ బాక్టీరియా పట్టాలి కాబట్టి, దాన్ని ఇవాళే మీ పెద్ద ట్యాంక్‌లో ఓ మూల పెట్టి ఎయిర్ పంప్‌కి తగిలించేయండి.