ఫెంటన్ బ్యాచ్: ముందు జార్‌లో, తర్వాతే ట్యాంకులో

జీడిమెట్ల, బొల్లారం, పాశమైలారం ఫార్మా యూనిట్ల లోటీడీఎస్ (కరిగిన లవణాలు తక్కువున్న) వ్యర్థ నీళ్లలో బీఓడీ (బ్యాక్టీరియా తినగల కాలుష్యానికి పట్టే ఆక్సిజన్), సీఓడీలో (రసాయనాలతో కాలుష్యాన్నంతా ఆక్సీకరించడానికి పట్టే ఆక్సిజన్) పదో వంతు కూడా లేకపోతే ఎన్ని రోజులు గాలి కొట్టినా బయో ట్యాంకులో అరగవు. అలాంటి నీటికి ఫెంటన్ పద్ధతి పనికొస్తుంది. ఆమ్లంలో ఫెర్రస్ ఇనుము హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను విరగ్గొట్టి హైడ్రాక్సిల్ రాడికల్స్‌ను పుట్టిస్తుంది, అవి మొండి అణువులను ముక్కలు చేస్తాయి. సీఓడీ మొత్తం దీంతోనే తీసేయాలని చూడొద్దు. చివర మిగిలే ఎసిటిక్ ఆమ్లం లాంటివి ఫెంటన్‌కు సులభంగా లొంగవు. బ్యాక్టీరియా మాత్రం వాటిని హాయిగా తినేస్తుంది. బీఓడీ, సీఓడీ నిష్పత్తి 0.3 దాటితే ఆపేసి బయో ట్యాంకుకి పంపండి.

అజైడ్, సైనైడ్, సల్ఫైడ్ ఉన్న నీళ్లు ఈ ట్యాంకు దరిదాపులకు రాకూడదు. పీహెచ్ దించగానే ప్రాణం తీసే వాయువులు వస్తాయి. అజైడ్ నుంచి వచ్చేదైతే పేలుతుంది కూడా. అసిటోన్ లాంటి సాల్వెంట్లను ముందే స్ట్రిప్పర్‌లో (ఆవిరి చేసి వేరుచేసే యంత్రంలో) తీసేయాలి, లేకపోతే పేలుడు పెరాక్సైడ్‌లు ఏర్పడే ప్రమాదం ఉంది. క్లోరైడ్ ఎక్కువున్న హైటీడీఎస్ కూడా వద్దు: రాడికల్స్‌ను క్లోరైడే మింగేస్తుంది, పైగా క్లోరిన్ అంటుకున్న కొత్త పదార్థాలు తయారవుతాయి.

లెక్క ఇది. గ్రాము సీఓడీకి సిద్ధాంతపరంగా 2.125 గ్రాముల పెరాక్సైడ్ కావాలి. 50 శాతం పెరాక్సైడ్ సరుకులో మిల్లీలీటరుకు 0.6 గ్రాములుంటాయి. ఫెర్రస్ సల్ఫేట్ పెరాక్సైడ్ బరువులో సగంతో మొదలుపెట్టండి. అందులో ఇనుము అయిదో వంతే. స్ఫటికాలు లేతాకుపచ్చగా ఉండాలి, గోధుమరంగుకు తిరిగితే పక్కన పెట్టేయండి.

సీఓడీ లీటరుకు 4000 మిల్లీగ్రాములున్న నీళ్లు లీటరు చొప్పున మూడు జార్లలో తీసుకుని, సల్ఫ్యూరిక్ ఆమ్లంతో పీహెచ్ 3కి తేవాలి. ఫెర్రస్ సల్ఫేట్ 1.2, 2.1, 4.2 గ్రాములు కరిగించాక వరుసగా 4, 7, 14 మిల్లీలీటర్ల పెరాక్సైడ్‌ను అరగంటలో అయిదు విడతలుగా వేసి, రెండు గంటలు కలపాలి. నీళ్లు డికాక్షన్ రంగుకు తిరిగి సన్నగా నురగ వస్తే పని జరుగుతున్నట్టే. పెద్ద బుడగలతో పొంగితే పెరాక్సైడ్ ఆక్సిజన్‌గా వృథా అవుతోందని అర్థం.

తర్వాత కాస్టిక్‌తో పీహెచ్ 8.5కి పెంచితే తుప్పురంగు మడ్డి దిగుతుంది. అది దిగకుండా పైకి తేలితే పెరాక్సైడ్ ఇంకా మిగిలి ఉన్నట్టు. ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. మిగిలిన ప్రతి మిల్లీగ్రాము పెరాక్సైడ్ సీఓడీ పరీక్షలో దాదాపు 0.47 మిల్లీగ్రాములు కలుపుతుంది. ఫెంటన్ బాగానే పనిచేసినా ఫలితం చెత్తగా కనిపిస్తుంది, ఆపరేటరేమో డోసు ఇంకా పెంచేస్తాడు. వడకట్టిన నీటిని స్టార్చ్-అయోడైడ్ కాగితంతో చూడండి. ఆమ్లంలో ఉండగా చూస్తే ఫెర్రిక్ ఇనుమే కాగితాన్ని నీలం చేసేస్తుంది. కాగితం నీలమైనంతసేపు మెల్లగా గాలి కొడుతూ ఉంచండి. మిగిలిన పెరాక్సైడ్‌ను చంపడానికి బైసల్ఫైట్ వేస్తే, అది ఎక్కువైనా సీఓడీగానే కనిపిస్తుంది.

జార్లలో 7 మిల్లీలీటర్లది సరిపోయిందనుకుందాం. పది కిలోలీటర్ల బ్యాచ్‌కు 21 కిలోల ఫెర్రస్ సల్ఫేట్, 70 లీటర్ల పెరాక్సైడ్. ఆమ్లం, ఇనుము, ఆఖరున పెరాక్సైడ్: ఈ వరుస తప్పకూడదు. ఇనుము వేయడం మరిచిపోయినా, స్టిరర్ ఆగినా పెరాక్సైడ్ లోపల పోగై, తర్వాత ఒక్కసారిగా పొంగుతుంది. డోసింగ్ పంపుతో రెండు గంటల్లో వేయండి, ట్యాంకులో మూడో వంతు ఖాళీ ఉంచండి. ఈ డోసుకు వేడి పది డిగ్రీల దాకా పెరుగుతుంది. మే నెలలో నీళ్లే 38 డిగ్రీలతో వస్తాయి కాబట్టి ఆ రోజుల్లో బ్యాచ్ తెల్లవారుజామున పెట్టడం మేలు. 45 దాటితే పంపు ఆపేయాలి.

పెరాక్సైడ్ లైనులో ఇత్తడి, రాగి, మామూలు ఇనుము పనికిరావు. ఎస్‌ఎస్ 316 (స్టెయిన్‌లెస్ స్టీల్) గానీ హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ గానీ వాడాలి. రెండు బాల్ వాల్వుల మధ్య చిక్కుకున్న పెరాక్సైడ్ గ్యాసుగా మారి పైపును పగలగొడుతుంది, అందుకే వెంట్ రంధ్రమున్న వాల్వులే బిగించండి.

బ్యాచ్‌కు ఎనిమిది కిలోల దాకా ఇనుప మడ్డి, అదీ ఎండు లెక్కన. ఫిల్టర్ ప్రెస్ కేకు దానికి మూడు నాలుగింతలు తూగుతుంది. 90 రోజుల్లోపు ఫారం 10 (ప్రమాదకర వ్యర్థాల రవాణా పత్రం) రాసి దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపాలి.