సోషల్ మీడియా మీ గుర్తింపు కార్డు అడిగితే ఏం చేయాలి?

పాస్‌వర్డ్ బయటపడితే మార్చుకుంటాం. ముఖాన్ని, పుట్టిన తేదీని మార్చుకోలేం. అందుకే ఫేస్‌బుక్కో ఇన్‌స్టాగ్రామో మీ కార్డు ఫొటో అడిగినప్పుడు వెంటనే అప్‌లోడ్ చేయకుండా కాసేపు ఆగమని అడుగుతున్నాను.

ఇలా అడగడం రోజురోజుకూ పెరుగుతోంది. ఆస్ట్రేలియాలో 2025 డిసెంబరు 10 నుంచి 16 ఏళ్ల లోపు పిల్లలకు ప్రధాన సోషల్ మీడియా వేదికల్లో ఖాతాలు ఉండకూడదన్న చట్టం అమల్లోకి వచ్చింది. పాటించని కంపెనీకి 4.95 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్ల వరకు జరిమానా పడొచ్చు. బ్రిటన్‌లో అశ్లీల దృశ్యాలు, పిల్లలకు హాని చేసే విషయాలు కనిపించే చోట 2025 జులై 25 నుంచి వయసు నిర్ధారణ తప్పనిసరైంది. మన దగ్గర 2021 నాటి ఐటీ నిబంధనలు పెద్ద వేదికలను ధ్రువీకరణ సదుపాయం కల్పించమన్నాయి. అయితే దాన్ని వాడుకోవాలా వద్దా అన్నది మన ఇష్టానికే వదిలేశాయి.

దక్షిణ కొరియా ఈ ప్రయోగం ఎప్పుడో చేసి చూసింది. దూషణలు తగ్గించాలని 2007లో పెద్ద సైట్లలో అసలు పేరు ధ్రువీకరణను తప్పనిసరి చేసింది. 2011 జులైలో నేట్, సైవరల్డ్ సైట్ల మీద దాడి జరిగి దాదాపు 3.5 కోట్ల మంది వివరాలు దొంగల పాలయ్యాయి. తర్వాతి ఏడాది ఆగస్టులో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఆ నిబంధనను ఏకగ్రీవంగా కొట్టేసింది. అక్రమ రాతలు చెప్పుకోదగ్గంతగా తగ్గలేదని, జనం విదేశీ సైట్లకు తరలిపోయారని గుర్తుచేసింది. ఇక 2025 అక్టోబరులో డిస్కార్డ్ అనే చాటింగ్ యాప్ వంతు వచ్చింది. ఆ కంపెనీకి సేవలందించే మరో సంస్థ దగ్గర చొరబాటు జరిగి, సుమారు 70,000 మంది గుర్తింపు కార్డుల ఫొటోలు బయటపడి ఉండొచ్చని కంపెనీయే ప్రకటించింది. వాళ్లలో చాలామంది తమ వయసు నిరూపించుకోవడానికి కార్డు పంపినవాళ్లే.

1. అడిగింది నిజంగా ఆ కంపెనీయేనా?

‘24 గంటల్లో మీ ఖాతా మూతపడుతుంది, వెంటనే ఆధార్ పంపండి’ అంటూ వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో లింకు వస్తే దాన్ని ముట్టుకోకండి. యాప్‌ను మీరే తెరిచి సెట్టింగ్స్‌లో చూడండి. నిజంగా అడిగి ఉంటే అక్కడా కనిపిస్తుంది. కంపెనీ నుంచి ఇటీవల వచ్చిన అసలు మెయిళ్ల జాబితాను ఇన్‌స్టాగ్రామ్ సెట్టింగ్స్‌లోనే చూపిస్తుంది. మీకు వచ్చింది అందులో లేకపోతే అది మోసమే.

2. ఎందుకు అడుగుతున్నారు?

బ్లూ టిక్ కోసమైతే మానేయవచ్చు, ఖాతాకు నష్టం లేదు. వయసు కోసమైతే కార్డు కాకుండా మరో దారి ఉందేమో వెతకండి. ఆస్ట్రేలియా చట్టం ప్రభుత్వ గుర్తింపు పత్రాన్ని ఏకైక మార్గంగా పెట్టవద్దని స్పష్టంగా చెబుతోంది. మెల్‌బోర్న్, సిడ్నీల్లో ఉన్న మన కుటుంబాలు ఈ హక్కును గట్టిగా అడగాలి. సెల్ఫీతో వయసు అంచనా వేసే పద్ధతి హద్దు వయసుకు అటూ ఇటూ ఉన్నవారి విషయంలో తడబడుతుంది. 17 ఏళ్ల వారిని 15 అనేయవచ్చు. అప్పుడు అప్పీలు చేసుకునే వీలుందో లేదో ముందే చూసుకోండి.

3. ఖాతాలో ఉన్నదాన్ని ముందే భద్రపరచండి

ధ్రువీకరణ విఫలమైతే ఖాతాకు తాళం పడొచ్చు. సెట్టింగ్స్‌లో ‘మీ సమాచారం డౌన్‌లోడ్’ అనే సదుపాయంతో ఫొటోలు, రాతలు తెచ్చి దాచుకోండి.

తెలుగువాళ్లకు ఇక్కడ ఇంకో చిక్కుంది. కార్డు మీద ఇంటిపేరు పూర్తిగా, అదీ ముందు ఉంటుంది. ప్రొఫైల్‌లో పొడి అక్షరమే ఉంటుంది, లేదా అసలే ఉండదు. పెళ్లయ్యాక ఒక కార్డులో ఇంటిపేరు మారి, మరో దాంట్లో మారని మహిళలు ఎంతమందో! కాబట్టి ప్రొఫైల్ పేరుకు దగ్గరగా ఉన్న కార్డునే ఎంచుకోండి. కార్డు ఫొటోలో అక్షరాలు మార్చే పని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి, అది ఫోర్జరీ అవుతుంది.

4. ఆధార్ తప్ప గత్యంతరం లేకపోతే

ప్రైవేటు సంస్థలు ఒప్పందాల పేరుతో ఆధార్‌ను వాడుకునే వీలు కల్పించిన నిబంధనను సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 26న కొట్టేసింది. అందుకే వేరే కార్డు చెల్లే చోట ఆధార్ ఇవ్వకండి. ఇవ్వక తప్పకపోతే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. ఆధార్ జారీచేసే సంస్థ యూఐడీఏఐ వారి మైఆధార్ సైట్లో ఓటీపీతో లాగిన్ అయి, డౌన్‌లోడ్ చేసేటప్పుడు మాస్క్‌డ్ అనే గడిలో టిక్ పెడితే చాలు. నంబరులో చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి. పీడీఎఫ్ తెరవడానికి పాస్‌వర్డ్: ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో మీ పేరులోని మొదటి నాలుగు అక్షరాలు, ఆ వెంటనే పుట్టిన సంవత్సరం.

వేదిక ఒప్పుకుంటే చిరునామాను, క్యూఆర్ కోడ్‌ను కప్పేసి ఫొటో తీయండి. ఫలానా ఖాతా ధ్రువీకరణకు మాత్రమే అని తేదీతో సహా ఒక మూల రాయండి. పంపాక గ్యాలరీలోంచి, ట్రాష్‌లోంచి, ఆన్‌లైన్ బ్యాకప్‌లోంచి ఆ ఫొటోను తీసేయండి. ఆధార్ బయోమెట్రిక్‌లకు, అంటే వేలిముద్రలు, కనుపాప వంటి గుర్తులకు, తాళం వేయండి. మీ ఆధార్‌ను ఎప్పుడెప్పుడు ధ్రువీకరణకు వాడారో చూపే జాబితా అదే సైట్లో ఉంటుంది, దాన్ని అప్పుడప్పుడు చూస్తుండండి.

5. మారుపేరుతో రాసేవాళ్లు

నా ఆందోళనంతా వీళ్ల గురించే. భర్త కొడుతున్నాడని మరో పేరుతో చెప్పుకునే ఇల్లాలు, ఆఫీసులో అవినీతిని బయటపెట్టే గుమాస్తా, కులం తెలిస్తే బెదిరింపులు వస్తాయని ఇంటిపేరు దాచుకునే కుర్రవాడు. తప్పనిసరి ధ్రువీకరణ వస్తే వీళ్లే ముందు మౌనమవుతారు. తిట్టేవాళ్లలో ఎందరో ఇప్పటికే సొంత పేరుతో, సొంత ఫొటోతోనే తిడుతున్నారు! మీరు అలాంటి స్థితిలో ఉంటే, ధ్రువీకరించిన పేరు అందరికీ కనబడుతుందా, కంపెనీ దగ్గరే ఉంటుందా, ఎన్నాళ్లు ఉంచుకుంటారు అన్నవి చదివాకే నిర్ణయించుకోండి. నమ్మకం కుదరకపోతే కార్డు ఇవ్వకండి, ఖాతా పోయినా సరే.

6. పిల్లల కోసం మీ కార్డు ఇవ్వకండి

మీ కార్డుతో పిల్లల ఖాతా తెరిస్తే ఆ వేదిక దృష్టిలో మీ బిడ్డ పెద్దవాడైపోతాడు. పిల్లల కోసం పెట్టిన రక్షణలన్నీ తొలగిపోతాయి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్ల లోపువారి సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి కావాలంటోంది. అనుమతి ఇవ్వాలంటే తల్లిదండ్రులుగానే ఇవ్వండి.

7. కార్డు దుర్వినియోగమైతే

డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేసి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. ఆధార్ సంగతైతే 1947. కార్డు పంపిన తేదీ, స్క్రీన్‌షాట్లు దగ్గర పెట్టుకుని వేదిక ఫిర్యాదుల అధికారికి రాయండి. 24 గంటల్లో మీ ఫిర్యాదు అందినట్టు వాళ్లు తెలపాలి. జవాబు నచ్చకపోతే 30 రోజుల్లోగా కేంద్రం ఏర్పాటు చేసిన ఫిర్యాదుల అప్పీలు కమిటీకి ఆన్‌లైన్‌లోనే అప్పీలు చేసుకోవచ్చు.