దాచుకుని తిరిగే పిస్టల్‌కి సైట్, లైట్, లేజర్ ఎలా ఎంచుకోవాలి?

డాలస్ చుట్టుపక్కల మనవాళ్ళు పదిమంది కూడితే ఇళ్ళ ధరలు, పిల్లల కాలేజీల తర్వాత ఈమధ్య గన్ ముచ్చట కూడా వస్తోంది. "అన్నా, రెడ్ డాట్ పెట్టించా, లైట్ కూడా బిగించా" అంటాడొకడు. రెడ్ డాట్ అంటే గురి చూడ్డానికి గన్ మీద బిగించే, వెలిగే చుక్క కనపడే చిన్న అద్దం. హోల్‌స్టర్ (గన్ పెట్టుకునే ఒర) ఏదిరా అంటే "అది ఇంకా చూడాలి" అంటాడు. నగలన్నీ చేయించి ఆనక పెళ్ళికూతుర్ని వెతుక్కున్నట్టు ఉంటుంది. ఈ సరుకుల్లో ఏది మంచిదన్న దానికంటే ఏది ముందు కొనాలన్న దగ్గరే ఎక్కువమంది డబ్బులు పోగొట్టుకుంటారు. నేనూ పోగొట్టుకున్నాను.

మొదలుపెట్టే ముందు చట్టం మాట. ఇది అమెరికాలో చట్టప్రకారం గన్ ఉంచుకోగలవాళ్ళ కోసం రాస్తున్నది. పౌరులు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళు సాధారణంగా కొనుక్కోవచ్చు. హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి నాన్‌ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు గన్ కొనడమే కాదు, దగ్గర ఉంచుకోవడం కూడా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులున్నాయి. వాటిని నమ్ముకునే ముందు లాయరుని అడగండి, రూమ్మేటుని కాదు. టెక్సాస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి 21 ఏళ్ళు నిండి అర్హత ఉన్నవాళ్ళు లైసెన్సు లేకుండానే పిస్టల్ వెంట తీసుకెళ్ళొచ్చు. న్యూజెర్సీలోనో కాలిఫోర్నియాలోనో అలా కుదరదు. రాష్ట్రం దాటితే రూలు మారుతుంది.

ఇకపై చెప్పే ప్రతి పనికీ ముందు చేయాల్సింది ఒకటుంది. మ్యాగజైన్ (తూటాల డబ్బా) తీయండి, స్లయిడ్ (గన్ పైన వెనక్కీ ముందుకీ జరిగే లోహపు భాగం) వెనక్కి లాగి చాంబర్ (తూటా కూర్చునే చోటు) ఖాళీగా ఉందో లేదో కంటితో చూసి చిటికెన వేలితో తడమండి. రౌండ్లన్నీ, అంటే తూటాలన్నీ, వేరే గదిలో పెట్టేయండి. ఖాళీ అని తెలిసిన గన్‌నైనా మనిషి వైపు తిప్పకండి.

1. హోల్‌స్టర్‌తో మొదలుపెట్టండి

గన్ మీద ఏది బిగించినా హోల్‌స్టర్ మారాల్సిందే. కైడెక్స్ హోల్‌స్టర్ అంటే ఫలానా గన్ ఆకారానికి వేడిచేసి నొక్కిన ప్లాస్టిక్. రెడ్ డాట్ పెడితే పైన దానికి చోటు కోసి ఉండాలి. లైట్ పెడితే ఇంకా కథ మారుతుంది. చాలా హోల్‌స్టర్లు అప్పుడు గన్‌ని కాకుండా లైట్‌నే పట్టుకుంటాయి. కాబట్టి ఆ గన్‌కి, ఆ లైట్ మోడల్‌కి కలిపి చేసిందే కావాలి.

నేను చేసిన పొరపాటు ఇక్కడే. డిస్కౌంటులో వచ్చిందని ముందు లైట్ కొన్నాను. నా చిన్న పిస్టల్‌కి ఆ లైట్‌తో కలిపి హోల్‌స్టర్ నాకెక్కడా దొరకలేదు. మూడు నెలలు అది వంటింటి డ్రాయరులో, అగ్గిపెట్టెల పక్కన పడుంది.

హోల్‌స్టర్ ఇంటికి రాగానే ఒక పరీక్ష చేయండి. ఖాళీ గన్‌ని అందులో పెట్టి, పైనుంచి ట్రిగ్గర్ గార్డు వైపు చూడండి. చాలా లైట్లు స్లయిడ్ కంటే వెడల్పుగా ఉంటాయి గనక హోల్‌స్టర్ మూతి వెడల్పవుతుంది, సందు మిగులుతుంది. ఆ సందులోంచి పెన్సిల్ దూర్చి ట్రిగ్గర్‌ని కదిలించగలిగితే వాపసు పంపేయండి. పెన్సిల్ దూరే చోట చొక్కా అంచు కూడా దూరుతుంది. మీ హోల్‌స్టర్ జాబితాలో ఉన్న లైట్లు, డాట్లు రాసుకుని అందులోంచే ఏరుకోండి. సగం తలనొప్పి అక్కడే తగ్గుతుంది.

2. మామూలు సైట్లు: ముందుది మెరవాలి, వెనకది కనపడీ కనపడనట్టుండాలి

సైట్లంటే గురి చూడ్డానికి గన్ మీద ముందూ వెనకా ఉండే గుర్తులు. కంపెనీ నుంచి వచ్చే మూడు తెల్ల చుక్కల సైట్లు, కాల్చడం సాధన చేసే రేంజ్‌లో కాగితం మీద బాగానే ఉంటాయి. కంగారులో మూడు చుక్కల్ని వరసలో పెట్టాలంటే కన్ను దేన్ని పట్టుకోవాలో తేల్చుకోలేదు. నా ఓటు పూర్తి నల్లటి వెనక సైట్‌కి, చుట్టూ నారింజ రంగో పసుపు రంగో ఉన్న ముందు సైట్‌కి. ఆ రంగు మధ్యలో ట్రిటియం గొట్టం ఉంటే చీకట్లోనూ పనికొస్తుంది. ట్రైజికాన్, అమెరిగ్లో ఇలాంటివి చేస్తాయి.

ట్రిటియం రేడియోధార్మిక హైడ్రోజన్. సన్నటి గాజు గొట్టంలో బిగించి ఉంటుంది, బ్యాటరీ అక్కర్లేకుండా వెలుగుతుంది. దాని అర్ధాయుష్షు 12.3 ఏళ్ళు. పుష్కరం తిరిగేసరికి దాదాపు సగం మసకబారుతుందన్నమాట. సెకండ్‌హ్యాండ్ పిస్టల్ "నైట్ సైట్స్‌తో సహా" అని అమ్ముతుంటే, బాత్రూంలో లైటు ఆర్పి ఆ చుక్కలు చూడాలి, లేదా తయారైన ఏడాది అడగాలి.

ఫైబర్ ఆప్టిక్ సైట్లు పగటి వెలుగుని పట్టుకుని భలేగా మెరుస్తాయి. చీకటి పడితే మాత్రం నల్ల పుల్లలే. వెనక సైట్ ప్లాస్టిక్‌ది ఉంటే లోహపుది వేయించుకోండి, ముందు అంచు నిలువుగా ఉండేది చూసి. ఒక చెయ్యి పనిచేయని పరిస్థితి వస్తే ఆ అంచుని బెల్టుకి ఆనించి స్లయిడ్ లాగొచ్చు.

3. రెడ్ డాట్: దుకాణంలో కాదు, మీ కంటితో తేల్చుకోవాలి

నలభై దాటి, ఫోను చెయ్యి చాచి చదువుతున్నవాళ్ళకి రెడ్ డాట్ వరం. మామూలు సైట్లతో ముందు సైట్ మీద చూపు నిలపాలి, అది మసకగా ఉంటే గురి కుదరదు. డాట్‌తో చూపు ఎదుటి వస్తువు మీదే ఉంటుంది, చుక్క దాని మీద తేలుతుంది.

ఒక చిక్కుంది. కంటికి ఆస్టిగ్మాటిజం (కంటి ముందు పొర వంపు సమంగా లేకపోవడం) ఉంటే చుక్క గుండ్రంగా కనపడదు. నాకు మొదటిసారి తోకచుక్కలా కనపడింది. వస్తువు పాడైందనుకుని తిరిగి ఇచ్చేయబోయాను. అలా అనిపిస్తే డాట్ అద్దంలోంచి ఫోన్ కెమెరాతో ఆ చుక్కని ఫోటో తీయండి. ఫోటోలో గుండ్రంగా ఉంటే తేడా మీ కంట్లో ఉంది. అప్పుడు వెలుగు తగ్గించి చూడండి, ఆకుపచ్చ డాట్ చూడండి, మధ్యలో చుక్కతో పాటు చుట్టూ సున్నా వచ్చే హోలోసన్ 507సి లాంటిది చూడండి. కళ్ళజోడుతోనే చూడండి. ప్రోగ్రెసివ్ అద్దాలున్నవాళ్ళు తల ఎత్తీ దించీ చూసుకోవాలి.

చుక్క సైజుని ఎంఓఏల్లో (మినిట్ ఆఫ్ యాంగిల్, ఒక కోణం కొలత) కొలుస్తారు. 1 ఎంఓఏ అంటే 100 గజాల దూరంలో సుమారు ఒక అంగుళం. 6 ఎంఓఏ చుక్క 10 గజాల దగ్గర అర అంగుళం పైచిలుకు మాత్రమే కప్పుతుంది. క్యారీ పిస్టల్‌కి పెద్ద చుక్కే హాయి, త్వరగా దొరుకుతుంది. సన్నటి చుక్కని ఇష్టపడేవాళ్ళు గురిపోటీలకి వెళ్ళేవాళ్ళే ఎక్కువ.

తెరిచిన రకమా, మూసిన రకమా? తెరిచిన దాంట్లో దీపం బయటికే ఉంటుంది, నడుముకి ఆనుకుని తిరిగే గన్‌లో బట్టల నూగు, చెమట చేరి చుక్క మసకబారుతుంది. హోలోసన్ ఈపీఎస్, ఎయిమ్‌పాయింట్ ఆక్రో పీ-2 లాంటి మూసిన రకాల్లో ఆ బెడద తక్కువ, కాస్త లావుగా ఉంటాయి. టెక్సాస్ ఆగస్టులో పొట్ట దగ్గర పిస్టల్ పెట్టుకుని తిరిగేవాళ్ళకి నేనైతే మూసిన రకమే చెబుతాను.

కొనే ముందు ఇంకో రెండు చూసుకోవాలి. ఒకటి ఫుట్‌ప్రింట్, అంటే స్లయిడ్ మీద కోసిన చోటు కొలత. ట్రైజికాన్ ఆర్‌ఎంఆర్ కొలత వేరు, సన్నటి పిస్టళ్ళకి వాడే ఆర్‌ఎంఎస్‌సీ వేరు. హోలోసన్ కే శ్రేణిది దానికి దగ్గరగా ఉన్నా అచ్చం అదే కాదు, కొన్ని గన్‌లకి మధ్యలో ప్లేటు కావాలి. రెండోది బ్యాటరీ ఎక్కణ్ణించి మారుస్తారన్నది. పక్కన చిన్న ట్రే ఉన్నవాటిలో నిమిషం పని. ఆర్‌ఎంఆర్‌లో మొత్తం విప్పి మళ్ళీ బిగించాలి, గురి సరిచూసుకోవాలి.

4. లైట్: వెతకడానికి కాదు

రాత్రి రెండింటికి వంటింట్లో చప్పుడైంది. మంచినీళ్ళ కోసం లేచిన కొడుకు కావచ్చు, ఊరి నుంచి వచ్చి ఇంకా జెట్‌లాగ్ వదలని అమ్మ కావచ్చు. గన్‌కి బిగించిన లైట్‌తో చూశారంటే గన్‌నే వాళ్ళ మీద గురిపెట్టినట్టు. అందుకే మొదటి లైట్ చేతిలో పట్టుకునేది, అరచేతిలో ఇమిడే టార్చి. అది జేబులో లేనివాళ్ళు గన్ లైట్ కొనక్కర్లేదు. గన్ మీది లైట్ పని, అప్పటికే గన్ తీయక తప్పని పరిస్థితి వచ్చాక ఎదుటివాడి చేతుల్లో ఏముందో చూపించడం. అది తప్ప ఇంకే పనికీ దాన్ని వాడకూడదు.

లైట్ కొనేటప్పుడు రెండు అంకెలు చూడాలి. ల్యూమెన్ అంటే మొత్తం ఎంత వెలుగు వస్తుందన్నది. క్యాండెలా అంటే ఆ వెలుగు మధ్యలో ఎంత గట్టిగా గుచ్చుకుంటుందన్నది. స్ట్రీమ్‌లైట్ టీఎల్‌ఆర్-7ఏ 500 ల్యూమెన్లు, 5,000 క్యాండెలా. పెద్దదైన టీఎల్‌ఆర్-1 హెచ్‌ఎల్ 1,000 ల్యూమెన్లు, 20,000 క్యాండెలా. క్యాండెలాని దూరం వర్గంతో భాగిస్తే అక్కడ పడే వెలుగు లక్సుల్లో వస్తుంది. 10 మీటర్ల దూరంలో మొదటిది 50 లక్సులిస్తే రెండోది 200 ఇస్తుంది. వీధిలో, పార్కింగ్ లాట్ దీపాల కింద ఆ తేడా బాగా తెలుస్తుంది. తెల్ల గోడల హాల్లో మాత్రం ఎక్కువ వెలుగు తిరిగొచ్చి మీ కళ్ళనే కొడుతుంది.

దాచుకుని తిరిగేదానికి ఆ పెద్ద లైట్లు బరువే. గ్లాక్ 19 సైజు గన్‌కి టీఎల్‌ఆర్-7 కుటుంబం సరిపోతుంది. గ్లాక్ 43ఎక్స్ ఎంఓఎస్, సిగ్ పీ365 లాంటి సన్న పిస్టళ్ళకి రైలు (గన్ అడుగున లైట్ బిగించే పట్టాలాంటి గాడి) వేరు. టీఎల్‌ఆర్-7 సబ్ ఒక్కో గన్‌కి ఒక్కో రకంగా వస్తుంది, పెట్టె మీద మీ గన్ పేరుందో లేదో చూసుకోండి. మొదటి రకం 43ఎక్స్‌కి అసలు రైలే లేదు.

స్విచ్ మీ బొటనవేలికో, రెండో చేతి వేలికో పట్టు సడలకుండా అందాలి. ట్రిగ్గర్ వేలితో నొక్కే అలవాటు చేసుకోకండి. లైటు నొక్కబోయి ట్రిగ్గర్ నొక్కేసే ప్రమాదం ఉంది.

5. లేజర్: చివర్లో, అవసరమైతేనే

లేజర్ చూడముచ్చటగా ఉంటుంది, అమ్మకానికి అదే కారణం అనిపిస్తుంది నాకు. టెక్సాస్ మధ్యాహ్నం ఎండలో ఎర్ర చుక్క పది అడుగుల అవతల కనపడితే గొప్ప. మన కన్ను పగటిపూట 555 నానోమీటర్ల దగ్గరి ఆకుపచ్చకి బాగా స్పందిస్తుంది కాబట్టి, 520 దగ్గర వచ్చే ఆకుపచ్చ లేజర్ 635 దగ్గరి ఎర్రదానికంటే స్పష్టంగా ఉంటుంది. కానీ బ్యాటరీ త్వరగా తాగుతుంది. పైగా చుక్క గోడ మీద ఎక్కడుందా అని వెతుకుతుంటే మిగతా సీను కంటికి ఆనదు.

మెడ నొప్పితో గన్‌ని కళ్ళ ఎత్తుకి తేలేనివాళ్ళకి, పట్టు పట్టగానే వెలిగే క్రిమ్సన్ ట్రేస్ గ్రిప్ లేజర్ చిన్న రివాల్వర్‌కి నిజంగా పనికొస్తుంది. ఇంకో వాడకం సాధనలో. ఖాళీ గన్‌తో ట్రిగ్గర్ నొక్కుతుంటే గోడ మీద చుక్క ఎటు ఉలిక్కిపడుతుందో చూస్తే మీ తప్పు మీకే తెలుస్తుంది. పిల్లలు దాన్ని ఆకాశంలోకి తిప్పకుండా చూడండి, విమానం మీదికి లేజర్ వేయడం ఫెడరల్ నేరం.

6. బిగించాక

స్క్రూలు కంపెనీ చెప్పిన బిగింపు బలం, అంటే టార్క్‌తోనే, దానికి సరిపడే రెంచితో బిగించండి. చేతి వాటం పనికిరాదు. నీలం రంగు థ్రెడ్‌లాకర్ (స్క్రూ కదలకుండా పట్టే జిగురు) చుక్క వేసి, స్క్రూ తల మీంచి డాట్ ఒంటి మీదికి పెయింట్ పెన్నుతో సన్న గీత గీయండి. గీత విరిగినట్టు కనపడితే స్క్రూ కదిలింది.

రేంజ్‌లో 10 గజాల దగ్గర సంచి మీద చేతులానించి అయిదు రౌండ్లు కాల్చండి. తూటాల గుంపు ఎక్కడ పడిందో చూసి డాట్ సర్దే మర తిప్పండి. ఒక క్లిక్ 1 ఎంఓఏ అయితే ఆ దూరంలో అంగుళంలో పదో వంతు కదులుతుంది, అంగుళం జరపాలంటే పది క్లిక్కులు. మరీ దగ్గర్లో, మూడు గజాల్లో, తూటా చుక్కకి కాస్త కింద తగులుతుంది. డాట్ గన్ గొట్టం కంటే ఎత్తులో ఉంది కదా. తర్వాత మీరు రోజూ వాడబోయే రౌండ్లే వేసి, లైట్ బిగించి ఉండగానే గన్ ఆగకుండా నడుస్తోందో లేదో చూడండి.

మొదట్లో గన్ ఎత్తగానే చుక్క కనపడక గాల్లో వెతుక్కుంటారు. ఇంట్లో ఖాళీ గన్‌తో, తూటా ఆగే గోడ వైపు తిరిగి, ముందు సైట్‌ని కంటికి తెచ్చుకోండి, చుక్క అక్కడే ఉంటుంది. రోజూ పది నిమిషాలు, రెండు వారాలు చేస్తే మణికట్టుకి ఆ కోణం అలవాటైపోతుంది. డాట్ బ్యాటరీ ఏటా ఒకే రోజు మార్చేస్తే గుర్తుంచుకునే పనుండదు. నేను ఉగాదికి మారుస్తాను.

ఇంట్లో ఉన్నప్పుడు లైట్, డాట్‌లతో సహా పట్టే సేఫ్ కావాలి, పాతది సరిపోకపోవచ్చు. టెక్సాస్‌లో 17 ఏళ్ళలోపు పిల్లలకి గుళ్ళు నింపిన గన్ అందేలా నిర్లక్ష్యంగా వదలడం నేరం.

ఇండియా ప్రయాణానికి రేంజ్ బ్యాగ్ మాత్రం సర్దుకోకండి. అడుగున ఎప్పుడో జారిపడిన ఒక్క రౌండ్‌తో విమానాశ్రయంలో దొరికి ఆయుధాల చట్టం కింద కేసు ఎదుర్కొన్న ఎన్నారైలున్నారు. నా బ్యాగ్ మీద "విమానానికి కాదు" అని లావుపాటి పెన్నుతో రాసి గ్యారేజీలో కొక్కేనికి తగిలించాను, మా ఆవిడ సూట్‌కేసులు పెట్టే మూలకి దూరంగా.